మూడు చుక్కలు పొడిచేదాకా

యొర్దాను నది పొంగి ఊరి ఒడ్డు పొలాలన్నీ ఒండ్రు కింద పూడ్చిన ఏటి నుంచి లెక్కపెడితే అది మూడో ఏడు. తొలకరి ఇంకా పడలేదు. మబ్బు పట్టడం, విడిచిపోవడం, అంతే. మధ్యాహ్నం దాటింది. షెలోమీతు పెరట్లో తిరగలి ముందు కూర్చుని, పొద్దుటి నుంచి మూడోసారి యవలు విసురుతోంది.

వాకిట్లో పదకొండుమంది మగవాళ్ళు తింటున్నారు. ఆమె మొగుడు హిల్కీయా, మరిది నేరీ, సమాజ మందిరంలో ధర్మశాస్త్రం చదివే అజర్యా. మిగతావాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. మూడేళ్ళుగా వస్తున్నారు. రోమా వాళ్ళని తరిమి, పూర్వం రాజ్యమేలిన దావీదు కుర్చీలో కూర్చోబోయే రాజు గురించి మాట్లాడుకుంటారు. ఆ మాటలకి ఆకలి ఎక్కువ.

"ఆ రాజ్యంలో ఒకరి కింద ఒకరుండరు," నేరీ గొంతు పెరట్లోకి వినిపిస్తోంది. "దేవుడు తప్ప ఎవరికీ యజమాని లేడు. చాకిరీ అన్న మాటే ఉండదు. వదినా, ఇంకో నాలుగు రొట్టెలు."

ఆమె తిరగలి పిడి వదిలి, పిండి చేతుల్తోనే లేచి, పొయ్యి గోడకి అంటుకున్న రొట్టెలు తీసి ఇచ్చి వచ్చింది. మళ్ళీ కూర్చుంది. కుడి భుజం రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదని కిందటి నెల చెప్పింది. "వాళ్ళు చుట్టాలు కాదే, రాజు ముందు నడవబోయే మనుషులు," అన్నాడు హిల్కీయా. రాజు ముందు నడిచినా వెనక నడిచినా కడుపు కడుపే కదా అనుకుంది. పైకి అనలేదు. ఏమన్నా అంటే, నీకు విశ్వాసం లేదే అంటాడు. విశ్వాసం ఉన్నవాళ్ళకి భుజం నొప్పి పుట్టదు కాబోలు. మూడేళ్ళలో ఆ విశ్వాసం తిన్నవి ఆమెకి వరసగా గుర్తు. అమ్మ పెళ్ళికి పెట్టిన రాగి బిందె వెళ్ళింది. పాలిచ్చే మేక వెళ్ళింది. మొన్న వేసవిలో నాగలి కర్రు ఊడదీసి కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి, జానెడున్నర కత్తి చేయించుకుని వచ్చాడు. "దుక్కి ఎట్లా?" అనడిగితే, "ఇంకా దుక్కేమిటే, రోజులు దగ్గర పడ్డాయి," అన్నాడు. ఆ కత్తి గాడిద కొట్టంలో గడ్డి కింద ఉంది. దాని మీద గడ్డి సర్దేది కూడా ఆమే.

ఇప్పుడు సంగతి అంతకంటే పెద్దది. ఎడారిలో ఒక మనిషి లేచాడు. నది ఒడ్డుకి రండి, ఇల్లూ వాకిలీ వదిలి ఉన్నదంతా మూటకట్టుకుని పెళ్ళాం బిడ్డలతో రండి, నేను మాట అంటే పూర్వం చీలినట్టే యొర్దాను చీలుతుంది, ఆరిన నేల మీద దాటుదాం, అవతల నుంచి అభిషిక్తుడైన ఆ రాజుతో తిరిగొద్దాం అంటున్నాడు. నేరీ వెళ్ళి చూసొచ్చాడు. ఆ మనిషి కళ్ళలోకి చూస్తే కన్నీళ్ళు ఆగలేదన్నాడు. రేపు తెల్లవారుతూనే ప్రయాణం. ఇంట్లో ఉన్న గింజంతా పొద్దుగూకేసరికి పిండి కావాలి. అంతా అంటే, మూలనున్న విత్తనపు మూటతో సహా.

"విత్తనం కూడానా?" అంది పొద్దున్న.

"రాజు అడుగుపెట్టిన నేల దున్నకుండానే పండుతుంది. విత్తనం ఎవరిక్కావాలే?"

ఆ మూట సంగతి అతనికి తెలియదు. మూటలు ఇంట్లో ఉంటాయి, ఉన్నాయి కాబట్టి ఉన్నాయి, అంతవరకే తెలుసు. వరద తీసిన నాలుగో రోజున ఆమె ఒక్కతే మోకాలి లోతు బురదలో పొలానికి వెళ్ళింది. అంతా నున్నగా, ఎవరో అలికినట్టుంది. గట్టు రాళ్ళ మూల మాత్రం చాపంత మేర వెన్నులు నిలబడి ఉన్నాయి. రెండు గుప్పిళ్ళు. ముసుగు కొంగున కట్టుకుని తెచ్చింది. ఆ చలికాలం అత్త, "ఉడకబెట్టవే, ప్రాణం లాగుతోంది," అంటే వినిపించనట్టు ఊరుకుంది. తనకి కళ్ళు తిరిగినప్పుడూ ఊరుకుంది. ఆ రెండు గుప్పిళ్ళు చాపంత చోటులో చల్లితే కుంచెడయ్యాయి. కుంచెడు చల్లితే మూటయింది. ఈ ఏడు చల్లితే పొలమవుతుంది. హిల్కీయా ఆ రోజుల్లో ఎక్కడున్నాడంటే నేరీ ఇంట్లో ఉన్నాడు, రాజు గాడిద మీద వస్తాడా మేఘం మీద వస్తాడా అని తేల్చుకుంటూ.

నది చీలుతుందో లేదో ఆమెకి తెలియదు. చీలదని కూడా అనుకోలేదు. దేవుడి పని దేవుడిది. కానీ అవతలి ఒడ్డున మర్నాడు పొద్దున రొట్టెలు ఎవరు చేస్తారో మాత్రం ఆమెకి తెలుసు. ఈ తిరగలి తనే మోసుకుని దాటాలి. అవతల కూడా వీళ్ళు గుండ్రంగా కూర్చుంటారు. నేరీ నాలుగు రొట్టెలు అడుగుతాడు. విసరడానికి గింజ ఉండదు, ఇంటికి తిరిగొస్తే చల్లడానికీ గింజ ఉండదు.

తిరగలి తిరుగుతూ ఉంది. దాంతోపాటు ఒక ఆలోచన కూడా కొన్నాళ్ళుగా లోపల తిరుగుతోంది.

మొన్నటి విశ్రాంతి దినాన అజర్యా మొక్కుల భాగం చదివి చెప్పాడు. పెళ్ళయిన ఆడది మొక్కుకుంటే, మొగుడు విన్న ఆ రోజే చెల్లదంటే అది చెల్లదు. విని, ఆ రోజు గడిచేదాకా, అంటే ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా, ఊరుకున్నాడా, మొక్కు నిలబడుతుంది. ఆ తరవాత కాదన్నా అడ్డుపడినా, ఆ పాపం ఆమెది కాదు, అతనిది. వెనక వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని వింటుంటే షెలోమీతుకి ఒళ్ళు మండింది. తెలియని సంగతి కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ మంచాన పడితే, నెల రోజులు జుట్టు కత్తిరించను, ద్రాక్షపండు ముట్టను, జుట్టు తీసుకెళ్ళి యెరూషలేములో అర్పిస్తానని మొక్కుకుంది. హిల్కీయా అప్పుడూ తింటున్నాడు. "చెల్లదు. యెరూషలేము ఎవరు తీసుకెళ్తారు నిన్ను? ఇక్కడ పని ఎవత్తె చేస్తుంది?" అన్నాడు, ముద్ద మింగకుండానే. ఆ చలికాలమే అమ్మ పోయింది. మొక్కు తీర్చి ఉంటే బతికేదని కాదు. తను దేవుడితో అన్న మాట దేవుడి దాకా పోకుండా ఈయన పళ్ళ మధ్యే ఆగిపోయింది. అడిగితే ఆ రోజు అతనికి గుర్తు కూడా ఉండదు. తన మాట నిలబడాలంటే ఆయన నోరు మూసుకుని ఉండాలి. శాస్త్రం అంతవరకే ఇచ్చింది.

అయితే ఆయన నోరు తెరిచేది దేనికి? పొద్దుణ్ణించి రాత్రి దాకా తను చెప్పే మాటల్లో ఆయన చెవిలో పడేవి ఎన్ని? కప్పు కారుతోందంటే, విన్నాను అంటాడు. మేక ఈనిందంటే, విన్నాను. పదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, కడుపులో బిడ్డ నిన్నటి నుంచి కదలడం లేదయ్యా అంటే, అప్పుడూ అన్నాడు, ఆ, విన్నాను అని. చెప్పు తోలు బిగించుకుంటూ.

తిరగలి ఆగింది. ఆమె చేతులు దులుపుకుంది.

రొట్టెల బుట్ట పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది. అజర్యా గోడకి ఆనుకుని ఆలివు గింజ ఉమ్మేస్తున్నాడు. నేరీ వేలితో నేల మీద దారి గీస్తున్నాడు. రోమా కాపలా యెరికో దాటాక ఎక్కడుంటుందో హిల్కీయా అతనితో వాదిస్తున్నాడు. అటు మూల అత్త కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతోంది. పొద్దు కొండ మీద రెండు మూరలుంది.

షెలోమీతు మొగుడి ముందు నిలబడి, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది.

"ఏమయ్యా, నేను దేవుడికి మొక్కుకుంటున్నాను. ఆ మూలనున్న విత్తనం ఈ తొలకరికి మన పొలంలోనే చల్లిస్తాను. పండాక మొదటి పన, ఆ తొలి కట్ట, నా చేత్తో కోసి దేవాలయానికి పంపుతాను. అప్పటిదాకా ఆ గింజ విసరను, ఎవరికీ ఇవ్వను, ఈ ఊరి పొలిమేర దాటను. విన్నావా?"

"కాపలా అక్కడ కాదురా, ఈత చెట్ల దగ్గర," అన్నాడు హిల్కీయా నేరీతో.

"ఏమయ్యా, నిన్నే. విన్నావా?"

"ఆ, విన్నాను, విన్నాను. ఉప్పు తే."

మూలన కదురు ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ తిరిగింది.

షెలోమీతు ఉప్పు రాయి తెచ్చి అతని ముందు పెట్టి పెరట్లోకి వచ్చింది. అత్త వినేసింది. కళ్ళు ఆనవు గానీ చెవులకి ఏ లోటూ లేదు ఆవిడకి. ఇప్పుడు చిన్న మాట, ఒరే, నీ పెళ్ళాం ఏమందో విన్నావురా అని ఒక్క మాట అంటే చాలు. ఎందుకు అనదు? పదిహేనేళ్ళుగా ఆవిడ తన మీద చెప్పని మాట లేదు. విసిరిన పిండి ముతక అంది. కడుపులో బిడ్డ నిలవలేదంటే నడకలో దోషం అంది. "మగాడు ముందుకి పోతుంటే ఆడది మూట పట్టుకు వెనకాల పోవాలి, మా కాలంలో మూట గురించి అడిగినవాళ్ళు లేరు," అని నిన్న రాత్రే అంది. మామ సంగతి ఊరందరికీ తెలుసు. రోమా వాళ్ళు పన్ను కోసం ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకున్న ఏడాది, వాళ్ళ మీద తిరగబడి కొండల్లోకి పోయినవాళ్ళలో ఆయనొకడు. తిరిగి రాలేదు. దారి పక్కన కొయ్యకి వేలాడదీశారని చూసినవాళ్ళు చెప్పారు. ఆవిడ ఆ సంగతి కోడలితో ఎప్పుడూ ఎత్తలేదు.

పొద్దు మూరెడుంది. ఆమె తిరగలిలో మామూలు యవలు పోసి మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. చప్పుడు ఆగితే అనుమానం వస్తుంది.

"ఏమే," అన్నాడు హిల్కీయా వాకిట్లోంచి.

చెయ్యి పిడి మీద బిగుసుకుంది. "ఏంటి?"

"నీళ్ళు."

ఇచ్చింది. అతను తాగాడు. ఖాళీ ముంత ఆమె వైపు చూడకుండానే చాచాడు. అందుకుంది. నిజానికి ఒక్కసారి తలెత్తి మొహం చూస్తే చాలు, పట్టుకునేవాడు. అంత భయం ఉంది అందులో. తలెత్తలేదు. జీవితంలో మొదటిసారి ఆమె అతను చూడకపోవడం కోసం దేవుణ్ణి వేడుకుంది. ఆ వేడుకోవడం చూసి ఆమెకే అసహ్యం వేసింది.

పొద్దు కొండ మీద వాలింది. అప్పుడు అత్త పిలిచింది. "హిల్కీ."

తిరగలి ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"చలిగాలి తోలుతోంది. ఆ దుప్పటి ఇటు పడెయ్."

పడేశాడు. ఆవిడ కప్పుకుని, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వచ్చి, కోడలి పక్కన రాతి మీద కూర్చుంది. కదురు చేతిలోనే ఉంది. తూర్పున మోయాబు కొండల వైపు ఆకాశం బూడిద రంగుకి తిరిగింది.

"చుక్కలు ఎన్నయ్యాయే?" అంది ముసలామె.

"ఒకటి."

కొంచెం సేపయ్యాక, "ఇప్పుడు?"

"రెండు."

"మబ్బు చాటునేమన్నా ఉందేమో, సరిగ్గా చూడు. చుక్కలు లెక్కపెట్టడం కూడా రాదు నీకు."

షెలోమీతు చూసింది. ఆవిడ మొహం చూద్దామనుకుంది గానీ చూడలేదు. ఆవిడ కదురు మీద దారం చుడుతూ, ఎవరితోనో కాదన్నట్టు అంది.

"ఆయన పోయేటప్పుడు నా విత్తనమూ విసిరే ఇచ్చాను. దారికి కావాలన్నాడు. ఆ చలికాలం వీడికన్నా పెద్దవాళ్ళు ఇద్దరు పోయారు. ఆకలికి. ఎన్నయ్యాయే?"

"మూడు, అత్తా."

"అయితే రోజు మారింది. లేచి దీపం పెట్టు."

దీపం పెట్టింది. ఆ వెలుగులోనే హిల్కీయా తాడు పట్టుకుని లోపలికి వచ్చాడు. విత్తనపు మూట మెడ పట్టుకుని తిరగలి దగ్గరికి ఈడ్చాడు.

"ఇదింకా ఇక్కడే ఉందేమే? కూర్చో, విసిరెయ్. సగం పిండి చెయ్యి, సగం అట్లాగే గాడిద మీద కడతాను."

"అది మొక్కు గింజ. విసరను."

"ఏం మొక్కు?"

"ఇందాక పొద్దుండగానే నీ ముందు నిలబడి మొక్కుకున్నాను. చల్లి, మొదటి పన గుడికి పంపేదాకా విసరను, ఇవ్వను, పొలిమేర దాటను. విన్నావా అంటే విన్నానన్నావు."

అతను నవ్వాడు. తరవాత నవ్వు ఆగింది. "నేను వినలేదు. ఇప్పుడే వింటున్నాను. చెల్లదు. అయిపోయింది. కూర్చో."

గుమ్మం దగ్గరికి మిగతావాళ్ళు చేరారు. అజర్యా దీపం కాస్త పైకెత్తమన్నట్టు చెయ్యి ఊపాడు. "అమ్మాయ్, విన్నాను అని ఆ మాటే అన్నాడా?"

"అన్నాడు, మామా. మీరూ అక్కడే ఉన్నారు."

అజర్యా గడ్డం నిమురుకున్నాడు. "అన్నావురా హిల్కీయా. రెండుసార్లు అన్నావు. నా చెవిన పడింది."

"పనిలో ఉండి ఏదో అన్నాను మామా. ఆడవాళ్ళు వెనకాల ఏదో చెబుతుంటే విన్నాను అనమా? నువ్వనవా? అదో మాట. ఏం చెప్పిందో ఎవడు వింటాడు?"

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. ఇంకెవరూ కలవలేదు. అందరికీ ఇంట్లో పెళ్ళాలున్నారు.

"విన్నాడు," అంది ముసలామె చీకట్లోంచి. "విని ఉప్పు అడిగాడు. నేను సాక్షిని."

"అమ్మా, నువ్వు కూడానా?"

"ఆడదాని సాక్ష్యం చెల్లదంటావేమో, ఉప్పు తిన్నవాళ్ళు పదిమంది ఉన్నారుగా. వాళ్ళనడుగు."

నేరీ ముందుకొచ్చాడు. "ఒక్క మూట, అజర్యా మామా. ఇంత పెద్ద పని ముందు పెట్టుకుని ఒక్క మూట దగ్గర ఆగుతామా? దేవుడు దీన్ని చూస్తాడా?"

"ఇది చూడనివాడు నదిని చీలుస్తాడా?" అన్నాడు అజర్యా. తరవాత హిల్కీయా వైపు తిరిగి, చదివేటప్పటి గొంతుతో చెప్పాడు. "విన్నానన్నావు. ఊరుకున్నావు. రోజు మారింది. ఇప్పుడు కాదంటే పాపం నీ మీద. ఆ గింజ ముట్టుకున్నా నీ మీదే. దున్నించకుండా నువ్వు వెళ్ళిపోయినా అడ్డుపడ్డట్టే. ఆ పాపంతో రాజు ముందు నిలబడతావా, నీ ఇష్టం."

హిల్కీయా పెళ్ళాం వైపు చూశాడు. ఎంతోకాలానికి చూశాడు. "కావాలనే చేశావు," అన్నాడు.

"చెప్పి చేశాను," అంది షెలోమీతు. "విన్నావా అని కూడా అడిగాను. రెండుసార్లు."

అతను తాడు కింద పడేసి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారేసరికి సన్నగా వాన మొదలైంది. అందరూ మూటలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని ఊరి బయట చేరారు. నేరీ వాకిట్లో నిలబడి, "పెళ్ళాం మొక్కు దాటలేనివాడివి, యొర్దాను ఏం దాటతావులే అన్నా," అని వెళ్ళిపోయాడు. వాళ్ళ పాట కొంతసేపు వినిపించింది. తరవాత వాన చప్పుడే మిగిలింది. షెలోమీతు చూరు కింద కూర్చుని విత్తనం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పిండి విసరలేదు. ముసలామె కూడా రొట్టె ఏదని అడగలేదు.

హిల్కీయా లేచి కొట్టంలోకి వెళ్ళాడు. గడ్డి కదిలిన చప్పుడైంది. కత్తి పట్టుకుని వచ్చాడు. గోడకి ఆనించి ఉన్న నాగలి కర్ర దించి, వానలోనే వాకిట్లో పెట్టి, కర్రు ఉండాల్సిన చోట కత్తి పెట్టి చూశాడు. సరిపోలేదు. తిప్పి పెట్టాడు. రాత్రి పడేసిన తాడు తెచ్చి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిన ప్రతిసారీ కత్తి పక్కకి జారిపోతోంది.

"ఏమే," అన్నాడు తల తిప్పకుండా. "కాస్త వచ్చి ఈ కొస పట్టుకో."

"ఆ, విన్నాను," అంది షెలోమీతు. చేటలో ఇంకో రాయి దొరికింది. తీసి పారేసింది.

కత్తి మీంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక్కి తిరిగి చూశాడు. ఆమె లేవలేదు. అప్పుడు నాగలి కర్రని పాదంతో తొక్కిపట్టి, తాడు కొస పళ్ళ మధ్య కరుచుకుని, తనే కట్టుకున్నాడు.